పైపుకి లైటర్: మంట పక్కకి వంగాలి

పొగాకు బోర్డు 1976లో పుట్టినప్పటి నుంచీ గుంటూరులోనే ఉంది. గోడౌన్ల ముందు నుంచి వెళ్తే ఆకు వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది. ఇలాంటి ఊళ్లో అరండల్‌పేటలో ఒక ఫ్యాన్సీ షాపుకెళ్లి "పైపు లైటర్ ఉందా అబ్బాయ్" అంటే, కొట్లో కుర్రాడు గ్యాస్ స్టవ్ లైటర్ తీసి "పైపు స్టీల్‌దే అంకుల్, తుప్పు పట్టదు" అన్నాడు. వాడిని అని లాభం లేదు. పొగాకు పండించడం, అమ్మడం మనకి తెలుసు, చుట్ట తెలుసు, సిగరెట్ తెలుసు. పైపు కాల్చేవాళ్లు ఎంతమందని!

నేను ఆకు కంపెనీలో గ్రేడింగు పని చేసి రిటైరయ్యాను. మా పై ఆఫీసర్ల దగ్గర అంటుకున్న అలవాటు ఇది. పొగాకు మంచిదని చెప్పడానికి నాకు నోరు రాదు. పొగ లోపలికి మింగకపోయినా నోటి క్యాన్సర్ పైపువాళ్లని వదలదు. లేని అలవాటు కొత్తగా చేసుకోకండి. ఇప్పటికే పైపు పట్టుకుని, మామూలు లైటర్‌తో బొటనవేలు కాల్చుకుంటున్నవాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు.

సిగరెట్ కొస మనకి ఎదురుగా ఉంటుంది, మంట దాని కింద పెడితే చాలు. పైపులో పొగాకు నింపే గిన్నె మూతి ఆకాశం చూస్తూ ఉంటుంది. మంటేమో పైకి పోతుంది. దాన్ని కిందికి రప్పించాలంటే లైటర్ వాల్చాలి. వాల్చగానే మంట వెనక్కి తిరిగి వేలికి తగులుతుంది. పైగా ఒక్కసారి అంటిస్తే అయిపోయేది కాదు. మొదటిసారి మంట తగలగానే పొగాకు ఉబ్బి పైకి లేస్తుంది. దాన్ని ట్యాంపర్‌తో, అంటే పొగాకు అణిచే చిన్న కడ్డీతో, మెల్లగా అణిచి, మళ్లీ గిన్నె అంతా గుండ్రంగా మంట తిప్పుతూ అంటించాలి. మధ్యలో ఆరిపోతే మళ్లీ. మన బ్యారన్లలో క్యూరింగ్ చేసే వర్జీనియా ఆకులో చక్కెర శాతం ఎక్కువ. వేడెక్కిస్తే నాలుక చుర్రుమంటుంది. కాబట్టి మంట మెత్తగా ఉండాలి, పక్కకి వంగాలి, కొన్ని సెకన్లపాటు పట్టుకున్నా చెయ్యి కాలకూడదు. నేను చూసేవి ఈ మూడే. బంగారు పూత, పులిబొమ్మ, ఇంకేమున్నా వాళ్లిష్టం.

అగ్గిపుల్ల సంగతేంటని అడుగుతారు. రుచికి దాన్ని మించింది లేదు, తలమీది మందు పూర్తిగా కాలేదాకా ఒక క్షణం ఆగితే చాలు. 2021 డిసెంబర్‌లో పెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలైంది, అదేం పెద్ద ఖర్చు కాదు. మరి మే నెలలో గుంటూరులో ఫ్యాన్ ఆపి పైపు వెలిగించుకునే మొనగాడు ఎవరు? ఇంట్లోవాళ్లు ఆపనివ్వరు కూడా.

విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు ఒక షాపులో నాకు చూపించింది టార్చ్ లైటర్. నొక్కితే బుస్సుమని నీలి మంట. "గాలివానకి కూడా ఆరదు సార్, బ్యారేజీ మీద నిలబడి వెలిగించుకోండి" అన్నాడు. నిజమే, ఆరదు. ఆ మంట వెయ్యి డిగ్రీలు సులువుగా దాటుతుంది. లావుపాటి సిగార్‌కైతే దాంతో పనుంది. పైపుకి మాత్రం, కుంపటి మీద కాచాల్సిన పాలని వెల్డింగ్ గన్‌తో కాచినట్టు ఉంటుంది. మా తోడల్లుడుగారు అదే వాడతారు. ఆయన పైపు అంచు ఒకవైపు నల్లగా మాడి, గోటితో గీకితే పొడి రాలుతోంది. పైపు చేసే బ్రయర్ మధ్యధరా తీరాల్లో పెరిగే ఒక పొద వేరుదగ్గరి దుంప. వేడికి బాగా తట్టుకునే కొయ్యే, కానీ దానికీ ఒక హద్దుంది. మాడిన అంచు తిరిగి రాదు, అరగదీసి పైపునే పొట్టి చేసుకోవాలి. అందుకే ఆయన్ని "అన్నయ్యగారూ, మీకు పైపు కన్నా కుంపటి నయం" అంటుంటాను. వినరు.

ఇక జిప్పో లైటర్. 1933 నుంచి అమెరికాలో పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో చేస్తున్న సరుకు. పనిచేయకపోతే ఉచితంగా బాగుచేసిస్తామని వాళ్ల హామీ. పైపు కోసం వాళ్లే ఒక రకం చేస్తారు. వత్తి చుట్టూ ఉండే చిమ్నీకి మామూలు చిల్లుల బదులు రెండువైపులా పెద్ద గుండ్రటి కంత ఉంటుంది. ఆ కంతని గిన్నె మీద బోర్లించినట్టు పెట్టి దమ్ము లాగితే మంట అందులోంచి దిగివచ్చి పొగాకుని అందుకుంటుంది. చూడ్డానికి భలే ముచ్చట. గాలికీ నిలబడుతుంది. కానీ నాకు రెండు పేచీలున్నాయి. దాని లోపల దూదిలో పోసే పెట్రోలు జాతి ద్రవం మూత వేసినా ఆవిరవుతూనే ఉంటుంది, అందులోనూ మన ఎండల్లో. వారం తిరక్కుండానే ఎండిపోతుంది. రెండోది రుచి. వెలిగించగానే ఆ వాసన కొద్దిగా పొగాకులో కలుస్తుంది. మంట పుంజుకున్నాక, ఒక క్షణం ఆగి గిన్నె దగ్గరికి తెస్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఘాటైన మిశ్రమాలు తాగేవాళ్లకి తెలియకపోవచ్చు. ఆకు వాసన చూసి గ్రేడు చెప్పిన ముక్కు నాది, నాకు తెలుస్తుంది. ఇంకో మాట, నింపేటప్పుడు ఎక్కువ పోసి వెంటనే జేబులో వేసుకోకండి. కారి తొడ దగ్గర చర్మం మండుతుంది.

పైపువాళ్లు కళ్లకద్దుకునేది జపాన్ కంపెనీ ఐఎం కరోనా చేసే ఓల్డ్ బాయ్ లైటర్. ఒక స్నేహితుడి దగ్గర చేతిలోకి తీసుకుని చూశాను. అరచేతిలో బరువుగా, నిండుగా ఉంటుంది. పక్కనున్న చక్రం తిప్పితే మంట నిలువుగా కాకుండా ఏటవాలుగా వస్తుంది. లాగితే లోపల దాచిన ట్యాంపర్ బయటికొస్తుంది. వంక పెట్టడానికేం లేదు, ధర తప్ప. మామూలు మోడల్ కూడా పదివేలు పైమాటే. ఆ డబ్బుతో నేను ఇంకో పైపు కొనుక్కుంటాను.

చివరికి నేను నిలబడింది ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపు దొరికిన ఒక ఊరూపేరూ లేని గ్యాస్ లైటర్ దగ్గర. మంట పక్కనున్న చిన్న రంధ్రంలోంచి అడ్డంగా వచ్చి, కొస మాత్రం పైకి తిరుగుతుంది. గిన్నె మీద అడ్డంగా పట్టుకుని దమ్ము లాగితే చాలు, వంగి లోపలికి దిగుతుంది. పసుపు రంగు మెత్తటి మంట, చిటికెనవేలంత పొడుగు. వెనకవైపు ట్యాంపరూ, కాడ దగ్గర అడ్డుపడితే పొడవడానికి సన్నటి పుల్లా మడతపెట్టి ఉన్నాయి. చెకుముకి రాయి రకం చూసి మరీ తీసుకున్నాను. టక్కుమని నొక్కితే నిప్పురవ్వ వచ్చేవి చెడిపోతే ఎవరూ బాగుచేయరు. రాయైతే అడుగున స్క్రూ విప్పి మనమే కొత్తది వేసుకోవచ్చు.

ఇలాంటివి మన ఇంటికి ఖాళీగా వస్తాయి, గ్యాస్ విడిగా కొనాలి. నింపేముందు గోరుతోనో స్క్రూడ్రైవర్‌తోనో వాల్వ్ నొక్కి లోపలి గాలి అంతా వదిలేయాలి. చాలామంది ఇది చేయరు, తర్వాత మంట తుస్సుమంటోందని తిట్టుకుంటారు. లైటర్ తలకిందులుగా పట్టి, గ్యాస్ డబ్బాని కూడా తలకిందులు చేసి పైనుంచి నిలువుగా గుచ్చి నింపాలి. గ్యాస్ నింపాక చల్లగా ఉంటుంది, వెంటనే వెలిగించకుండా కాసేపు వదిలేయండి. పక్కన స్టవ్ వెలుగుతుండగా ఈ పని పెట్టుకోవద్దు. నేను వన్‌టౌన్‌లో చవగ్గా కొన్న ఒక డబ్బా గ్యాస్ రెండుసార్లు నింపేసరికి మంట కంత జిడ్డు కట్టింది. అప్పటినుంచి నాలుగు డబ్బులెక్కువైనా శుద్ధి చేసిన గ్యాస్ అని రాసి ఉన్నదే తెస్తున్నాను. ఎండాకాలంలో లోపల ఒత్తిడి పెరిగి మంట పొడుగవుతుంది, అడుగునున్న మరని మైనస్ వైపు తిప్పుకోవాలి. కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పొరపాటున కూడా వదలొద్దు. గన్నవరంలో విమానం ఎక్కే రోజున ఇంట్లో పెట్టి వెళ్లండి, చేతిసంచిలోనూ లగేజీలోనూ లైటర్‌కి అనుమతి లేదు.

అంత కూడా పెట్టలేం అనుకుంటే స్పెయిన్ కంపెనీ క్లిప్పర్ చూడండి. సిగరెట్ లైటరే, మంట నిలువుగానే ఉంటుంది. కానీ చక్రం, రాయి ఉన్న గొట్టం పైకి లాగితే ఊడివస్తుంది, దాని అడుగుతో పొగాకు అణచుకోవచ్చు. గ్యాస్ మళ్లీ నింపుకోవచ్చు. కొత్తగా పైపు పట్టినవాళ్లకి అది చాలు. వేలు మాత్రం జాగ్రత్త.

నా లైటర్‌కి అయిదుకి నాలుగు ఇస్తాను. ట్యాంపర్ మడత దగ్గర రివెట్టు అప్పుడే వదులై కదులుతోంది, ఆ ఒక్కటీ అందుకే తగ్గించాను.