దిండు పక్కన ఫోను గడియారం: నాలుగేళ్ల వాడకం

నా కళ్లజోడు పవరు మైనస్ ఆరు. జోడు తీసి పడుకుంటే జానెడు దూరం దాటినవన్నీ మసకే. రాత్రి మెలకువ వస్తే దోమతెర ఎత్తి, జోడు తడుముకుని, గోడ గడియారం మీద టార్చి వేసి చూసేదాన్ని. టైము తెలిసేసరికి నిద్ర ఎగిరిపోయేది. 2021లో కొత్త ఫోను కొన్నాక పాతదాన్ని అమ్మలేదు. దిండుకు మూరెడు దూరంలో స్టాండు మీద అడ్డంగా నిలబెట్టి, ఛార్జరు తగిలించి, స్క్రీన్ సేవర్‌గా గడియారాన్ని ఎంచుకుని రాత్రి మోడ్ పెట్టాను. ఆ రాత్రి దోమతెర లోపలి నుంచే, జోడు లేకుండానే 2:40 అని చదివాను. ఆ సంతోషం నాకు ఇప్పటికీ పాతబడలేదు.

ఈ సుఖమంతా తెర రకంలో ఉంది. అంతకుముందు ఒక ఎల్‌సీడీ ఫోనుతో ప్రయత్నించాను. దానిలో నలుపు కూడా వెనుక దీపం మీద కప్పిన నలుపే కాబట్టి గది అంతా బూడిద రంగు వెలుగు పరుచుకునేది. ఓఎల్‌ఈడీ తెరలో నల్లని చోట బిందువులు పూర్తిగా ఆరిపోతాయి. చీకట్లో నాలుగు అంకెలు తప్ప ఫోను ఉన్నట్టే తెలియదు.

అయితే ఆ మొదటి ఏడాదిలోనే కొన్నాళ్లు అంకెలు కదలని వేరే యాప్ వాడాను. పగలు తెల్లటి పేజీ తెరిస్తే మధ్యలో రెండు చుక్కల నీడ కనిపించేది. అది ఇక పోలేదు. స్క్రీన్ సేవర్‌లోని గడియారం నిమిషానికోసారి చోటు మారుతుంది. ఎందుకు మారుతుందో ఆ మచ్చ చూశాకే అర్థమైంది.

అసలు దెబ్బ 2024 మే నెలలో తగిలింది. మాది గాజువాక. వేసవి రాత్రి ఉక్కపోత ఎలా ఉంటుందో విశాఖ వాళ్లకు చెప్పనక్కరలేదు, పైగా స్టాండు పడమటి గోడకు ఆనుకుని ఉంది. ఒక రాత్రి అంకెలు కాస్త వాలినట్టు అనిపించాయి. స్టాండు జారిందనుకుని సరిచేశాను. మర్నాడూ వాలాయి. మూడో రోజు ఫోను చేతిలోకి తీసుకుంటే వెనుక మూత ఒక అంచున లేచి ఉంది, ఆ సందులో గోరు పడుతోంది. జంక్షన్ దగ్గర ఫోన్లు బాగుచేసే అబ్బాయి చూడగానే, "అమ్మా, నొక్కకండి. బ్యాటరీ ఉబ్బింది. ఇంకా ఛార్జింగులో పెట్టి ఉంచారా?" అన్నాడు. మూడేళ్లుగా రాత్రీ పగలూ ఉంచానని చెప్పడానికి నోరు రాలేదు. లిథియం బ్యాటరీ నూరు శాతం ఛార్జితో వేడిలో నిలిచి ఉంటే లోపలి ద్రవం మెల్లగా విరిగి వాయువు పుడుతుందట. అది నా తలకు మూరెడు దూరంలో, దోమతెరకు ఆనుకుని ఉబ్బుతూ వచ్చిందన్నమాట. ఆ వారం నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు దాని బదులు ఉన్నది 80 శాతం దగ్గర ఛార్జింగు ఆపే సదుపాయం ఉన్న ఫోను. ఛార్జింగు ఆగినా తీగ తగిలే ఉంటుంది కాబట్టి గడియారం వెలుగుతూనే ఉంటుంది. స్టాండును తూర్పు గోడ వైపు, దోమతెరకు దూరంగా జరిపాను. పగలు తీగ తీసేస్తాను.

గడియారం వల్ల నిద్ర చెడదని మొదట్లో అందరికీ చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. ఆయనకు ఉక్కు కర్మాగారంలో 'ఏ' (A) షిఫ్టు, అంటే పొద్దున్నే వెళ్లే షిఫ్టు, ఉన్న వారం నేను నాలుగున్నరకు లేవాలి. 2:50 కనిపిస్తే ఇంకా గంటా నలభై నిమిషాలని లెక్క మొదలవుతుంది, ఆ లెక్కతోనే తెల్లారుతుంది. ఆ వారం ఫోనును గోడవైపు తిప్పి పడుకుంటున్నాను.

నాలాగా చూపు తక్కువై, వాడని ఓఎల్‌ఈడీ ఫోను ఇంట్లో ఉన్నవాళ్లకైతే పెట్టుకోమనే అంటాను. ఇందుకోసం కొత్తది కొనమని మాత్రం అనను. మా ఇంట్లో తీగ లాగే చిన్నపిల్లలు లేరు, అదీ ఒక సౌకర్యం. అలారం విషయంలో ఇప్పటికీ దీని ఒక్కదాన్నే నమ్మను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేక ఫోన్లన్నీ ఆరిపోతే, ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచే మా టేబుల్ గడియారమే టైము చెప్పింది. 'ఏ' షిఫ్టు వారంలో రెండింటిలోనూ నాలుగున్నరకే పెడతాను. టేబుల్ గడియారం రెండు నిమిషాలు ముందుగా మోగుతుంది.