ప్లగ్ ఉన్నవారికి ఒకటి, లేనివారికి ఒకటి: రేపటి హైబ్రిడ్‌లలో ఏది మేలు?

హైబ్రిడ్ అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ కూడా ఉన్న కారు. ముందు మైల్డ్ హైబ్రిడ్‌ను పక్కన పెడదాం. అందులో కారు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఉండాల్సిన చోట బెల్టుతో తిరిగే చిన్న మోటారు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను చప్పుడు లేకుండా లేపుతుంది, పికప్‌కు కాస్త సాయం చేస్తుంది. అచ్చంగా కరెంటు మీద మాత్రం బండిని నడపలేదు. పేరు చూసి దానికి ఎక్కువ డబ్బు పెట్టకండి. అసలు పోటీ స్ట్రాంగ్ హైబ్రిడ్, సిరీస్ హైబ్రిడ్, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల మధ్యే.

1997లో ప్రియస్‌తో టయోటా మొదలుపెట్టిన పద్ధతే ఇవాళ మన గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్‌లలో ఉన్న స్ట్రాంగ్ హైబ్రిడ్. కాసేపు మోటారు మీదే బండిని నడపగలదు. గేర్‌బాక్స్ బదులు ఒక ప్లానెటరీ గేర్ సెట్టు ఉంటుంది. నడిమి సన్ గేర్‌కు జనరేటర్, దాని చుట్టూ తిరిగే చిన్న పళ్లచక్రాల క్యారియర్‌కు ఇంజిన్, బయటి రింగ్ వైపు పెద్ద మోటారు, చక్రాలు. తొక్కే క్లచ్ లేదు, సాగే బెల్టు లేదు, అందుకే ఇది ఏళ్ల తరబడి మొరాయించదు. ఎక్సలరేటర్ గట్టిగా తొక్కితే ముందు ఇంజిన్ మోత, ఆ తర్వాత వేగం వస్తాయి. అది రిపేరు కాదు, దాని తీరే అంత.

గ్రాండ్ విటారాలో బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లు. మన కరెంటు బిల్లు లెక్కలో ముప్పావు యూనిట్. అంత చిన్నది కాబట్టే అది ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లోనే గట్టిగా పనిచేస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా నిండుతుంది, కదిలినప్పుడల్లా ఖర్చవుతుంది. ఒక ఉజ్జాయింపు లెక్క చూడండి. పెట్రోలు లీటరు 107 రూపాయలు, హైబ్రిడ్‌కు అదనంగా పెట్టింది 2 లక్షలు అనుకుందాం. సిటీలో మామూలు కారు 12, హైబ్రిడ్ 20 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి 10,000 కిలోమీటర్ల మీద 333 లీటర్లు మిగులుతాయి. అంటే దాదాపు 35,600 రూపాయలు. ఐదున్నరేళ్లు దాటాక పెట్టింది వెనక్కొస్తుంది. అదే హైవే మీద 16కు 18 వస్తే మిగిలేది 70 లీటర్లే, ఏడాదికి ఏడున్నర వేలు. రోజూ అమీర్‌పేట మీదుగా ఆఫీసుకు వెళ్లేవారికీ, వారానికోసారి విజయవాడ వెళ్లొచ్చేవారికీ ఒకే సలహా చెప్పలేం.

సిరీస్ పద్ధతిలో ఇంజిన్ చక్రాలను అసలు ముట్టదు, జనరేటర్‌ను మాత్రమే తిప్పుతుంది. నిస్సాన్ 2016లో జపాన్‌లో నోట్ కారుకు పెట్టిన ఈ-పవర్ ఇదే. నడపడానికి అచ్చం ఎలక్ట్రిక్ కారులా ఉంటుంది, నిర్మాణమూ సులువు. చిక్కల్లా హైవే మీదే. ఇంజిన్ శక్తి జనరేటర్, ఇన్వర్టర్, మోటారు దాటి చక్రానికి చేరేలోగా ప్రతి మజిలీలో కొంత వేడిగా పోతుంది. హోండా సిటీ హైబ్రిడ్‌లో దీనికి చక్కటి విరుగుడు ఉంది. నిలకడ వేగంలో ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలను తిప్పుతుంది. చిన్న కార్లకు రేపు ఈ మేళవింపే సరిపోతుందని నా నమ్మకం.

ఇక ప్లగ్-ఇన్, అంటే గోడ సాకెట్ నుంచి ఛార్జ్ పెట్టుకునే హైబ్రిడ్. దాని బ్యాటరీ పెద్దది. ప్రియస్ ప్లగ్-ఇన్‌లో 13.6, మాజ్డా రోటరీ రేంజ్ ఎక్స్‌టెండర్‌లో (ఇందులో ఇంజిన్ పని కరెంటు తయారుచేయడమే) 17.8, చైనా లీ ఆటో ఎల్9 మొదటి మోడల్‌లో 44.5 కిలోవాట్ అవర్లు. బ్యాటరీ ఇలా పెరిగేకొద్దీ ఇంజిన్ స్టెప్నీ టైరులా అవసరానికి మాత్రమే పనికొచ్చేదిగా మారుతోంది. 15 ఆంపియర్ల సాకెట్ నుంచి 3 కిలోవాట్లు తీసుకుంటే 17.8 బ్యాటరీ రాత్రికి ఆరేడు గంటల్లో నిండుతుంది. రోజువారీ తిరుగుడంతా కరెంటు మీదే అయిపోతుంది. కానీ ఛార్జ్ పెట్టకపోతే మిగిలేది మోసే బరువే. నిజంగా నడిచిన కార్ల ఇంధన లెక్కలు తీసి యూరోపియన్ కమిషన్ 2024లో చెప్పింది: ప్లగ్-ఇన్‌ల కార్బన్ ఉద్గారాలు ల్యాబ్ అంకెలకు సగటున మూడున్నర రెట్లు. తప్పు యంత్రానిది కాదు, ప్లగ్ పెట్టని అలవాటుది.

మన దగ్గర పన్ను కూడా దారి తిప్పుతుంది. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్ హైబ్రిడ్‌కు 18, అంతకు మించితే 40. పొదుపైన పెద్ద హైబ్రిడ్ మీద 40 వేయడం అన్యాయమే. అయినా ఆ 18 శాతం గడిలో ఇమిడే చిన్న హైబ్రిడ్ వస్తే మధ్యతరగతికి అదే పెద్ద మేలు.

ఏది కొన్నా బ్యాటరీకి గాలి పీల్చే జాలీ ఉందా, ఉంటే ఎక్కడుందో షోరూంలోనే అడగండి. చాలా మోడళ్లలో వెనక సీటు కిందో పక్కనో ఉంటుంది. సంచి అడ్డుపెట్టినా, దుమ్ము పట్టినా ఎండాకాలం బ్యాటరీ వేడెక్కి, కారు మోటారు సాయం తగ్గించేస్తుంది, మైలేజీ పడిపోతుంది. నెల రోజులు ఊరెళ్తే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోవచ్చు, అప్పుడు బండి అసలు ఆన్ కాదు. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా లాభం లేదు. ఎక్కువ వోల్టేజీ పారే నారింజ రంగు కేబుళ్ల జోలికి మామూలు మెకానిక్‌ను పోనివ్వకండి.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు మీ మీటరు నుంచి పార్కింగ్ దాకా వైరు లాగడానికి అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అది చేతికొచ్చేదాకా ప్లగ్-ఇన్‌కు అడ్వాన్స్ కట్టకండి.