చుడీదార్ లెగ్గింగా, యాంకిల్ లెగ్గింగా: ఏది మేలు?

కుర్తీ ఎంచుకోవడానికి గంట పడుతుంది. కిందకి మాత్రం "ఏదో ఒక నల్ల లెగ్గింగ్ ఇవ్వండి" అనేస్తాం. ఇంటికొచ్చి వేసుకున్నాక పొట్టిగానో, లావుగానో కనిపిస్తే నెపం ఒంటి మీదకి నెట్టేస్తాం. చాలాసార్లు అసలు తేడా చీలమండ దగ్గర ఉంటుంది. లెగ్గింగ్ అక్కడ ఎలా ముగిసిందన్నదాన్ని బట్టే కాలు పొడవుగా కనిపించడమా, కురచగా కనిపించడమా అన్నది తేలుతుంది. అందుకే దుకాణంలో రంగు కంటే ముందు చుడీదారా, యాంకిలా అన్నది తేల్చుకోండి.

చుడీదార్ రకం కాలి కంటే పొడవుగా ఉంటుంది. ఆ మిగులు గుడ్డ చీలమండ పైన గాజులు పేర్చినట్టు ముడతలు పడుతుంది. పూర్వం టైలర్లు కాటన్ గుడ్డను క్రాస్‌లో కత్తిరించి దీన్ని కుట్టేవారు, మడమ దూరడానికి కింద హుక్కులు పెట్టేవారు. ఇప్పుడా పని లైక్రా చేస్తోంది. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన స్పాండెక్స్ అనే సాగే దారమే లైక్రా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. తిరుపూరు నుంచి మనకొచ్చే కాటన్ లెగ్గింగ్స్ చాలావాటిలో 95 శాతం నూలు, 5 శాతం ఈ సాగే దారం ఉంటాయి. యాంకిల్ రకం గుడ్డా అదే. కాకపోతే చీలమండ ఎముక దగ్గర శుభ్రంగా ఆగిపోతుంది.

ఎత్తు తక్కువున్నవాళ్లకు యాంకిలే మేలని నేను గట్టిగా చెబుతాను. చుడీదార్ ముడతలు కాలి చివర బరువు పెంచుతాయి. కాలు అక్కడితో తెగిపోయినట్టు అనిపిస్తుంది. యాంకిల్‌లో సన్నటి చీలమండ, పాదం కనిపించడంతో కాలు సాగినట్టుంటుంది. పొడుగ్గా సన్నగా ఉన్నవాళ్లకు చుడీదార్ బాగా నప్పుతుంది, ఆ ముడతలు కాలికి కాస్త నిండుదనం ఇస్తాయి. అయితే ముడతలు చీలమండ మీద మూడో నాలుగో ఉంటే చాలు, పిక్క దాకా పాకకూడదు. తొడుక్కునేటప్పుడు ముందు గుడ్డంతా పైకి లాగేసి, తర్వాత కింద చేత్తో కొద్దికొద్దిగా దించుకుంటే అవి సమంగా కూర్చుంటాయి.

కుర్తీని బట్టి కూడా ఆలోచించాలి. ఘేరు ఎక్కువున్న అనార్కలికి, పెళ్లిళ్లకు వేసుకునే పొడవాటి అంబ్రెల్లా కుర్తీకి చుడీదార్‌ను మించింది లేదు. పైన అంత గుడ్డ ఊగుతున్నప్పుడు కింద ముడతలుంటేనే నిండుగా ఉంటుంది. రోజూ ఆఫీసుకో కాలేజీకో వేసుకునే సైడ్ కట్స్ కుర్తీకి యాంకిల్ సరిపోతుంది. రెంటికీ వర్తించే మాట ఒకటుంది. కుర్తీ అంచు పిక్క బాగా లావుగా ఉండేచోట ఆగకూడదు. కన్ను నేరుగా అక్కడికే వెళ్తుంది. అంచు మోకాలికి కాస్త పైనో, లేదా పిక్క సన్నబడే చోటుకు కిందో ఉండాలి. సైడ్ కట్స్ నడుము దాకా చీలి ఉంటే లెగ్గింగ్‌తో వద్దు, నడిచినప్పుడల్లా తొడ పక్కభాగం బయటపడి అస్తమానం సర్దుకోవాల్సి వస్తుంది. టైలర్‌కి ఇస్తే పైనుంచి మూడు నాలుగు అంగుళాలు కుట్టేస్తాడు, అంతే.

మనవైపు ఆడవాళ్లకు ఇంకో లెక్క ఉంది, పట్టీలు. చుడీదార్ తొడిగితే వెండి పట్టీలు లోపల పడిపోయి గుడ్డ మీద గీత తేలుతుంది. పైన పెట్టుకుంటే కొక్కెం అల్లికలో తగులుకుని దారం లేస్తుంది. ఒక్క పోగు లేచిందంటే అక్కడ సన్నటి చార పడుతుంది, ఇక ఆ లెగ్గింగ్ ఇంట్లోకే. యాంకిల్‌తో ఆ బాధ లేదు. లెగ్గింగ్ అంచుకు అరంగుళం కింద పట్టీ విడిగా మెరుస్తూ ఉంటే ఖరీదైన చెప్పులు కూడా అక్కర్లేదు, మామూలు కొల్హాపురీలు చాలు. వానాకాలం బండి మీద వెళ్లేవాళ్లకైతే ఇంకా సుఖం. చుడీదార్ ముడతల్లో బురద నీళ్లు పట్టి సాయంత్రం దాకా ఆరవు.

నప్పడం, నప్పకపోవడం చివరికి గుడ్డ మీద కూడా ఆధారపడుతుంది. కోఠీలోనో బీసెంట్ రోడ్డులోనో చవగ్గా దొరికే పలచటి రకాలు రంగుల్లో ఊరిస్తాయి, కానీ కూర్చున్నప్పుడు మోకాలి మీద సాగి తెల్లబోతాయి. కొనేముందు లెగ్గింగ్‌లో చెయ్యి దూర్చి, పిడికిలి బిగించి గుడ్డను సాగదీయండి. వెలుతురులో వేళ్ల కణుపులు కనిపిస్తే పక్కన పెట్టేయండి. వదిలాక గుడ్డ వెంటనే యథాస్థానానికి రావాలి, రాకపోతే నాలుగు ఉతుకులకే మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది. సైజు నడుముని బట్టి కాదు, తొడని బట్టి తీసుకోండి. నడుము ఎలాస్టిక్ ఎలాగైనా సాగుతుంది, తొడ దగ్గర బిగిస్తే గుడ్డ పలచబడి లోదుస్తుల గీత కూడా తేలుతుంది. ఎల్ పట్టేవాళ్లు ఎక్స్ఎల్ తీసుకున్నందుకు లావుగా కనిపించరు, ఇంకా చక్కగా కనిపిస్తారు. విస్కోస్ లైక్రా జారినట్టు పడుతుంది, సాయంత్రపు ఫంక్షన్లకు బాగుంటుంది. మే నెల ఎండల్లో మాత్రం పాలిస్టర్ కలిసినది అసలు వద్దు. చెమట ఆరక తొడలు ఒరుసుకుపోతాయి, తామర ఉన్నవాళ్లకు అది మరింత ముదురుతుంది. అలాంటప్పుడు లెగ్గింగే మానేసి వదులుగా ఉండే కాటన్ స్ట్రెయిట్ ప్యాంటు వేసుకోవడం మంచిది.

ఉతికేటప్పుడు తిరగేసి ఉతికి నీడలో ఆరేయండి. బ్లీచింగ్, బాగా వేడి ఇస్త్రీ సాగే దారాన్ని చంపేస్తాయి.

రంగు విషయంలో నల్లదే దిక్కనుకోకండి. కుర్తీ ముదురుదైతే అదే ఛాయ లెగ్గింగ్ పైనుంచి కింద దాకా ఒకే గీతలా కనిపించి పొడవునిస్తుంది. ముదురు కుర్తీ కింద పసుపో తెలుపో వేస్తే మనిషి సగానికి విడిపోతుంది, అది పొడుగువాళ్లు మాత్రమే మోయగలరు. తెల్ల లెగ్గింగ్ తప్పదనుకుంటే చుడీదార్ కాకుండా మందంగా ఉన్న యాంకిల్ తీసుకోండి. లోపల తెల్లవి కాదు, ఒంటి రంగువి వేసుకోండి, తెల్లవే బయటికి ఎక్కువ కనిపిస్తాయి.

ఇప్పుడు బీరువాలో ఒక్కటే చేర్చుకోవాలంటే నా ఓటు ముదురు నీలం కాటన్ యాంకిల్‌కి. నలుపంత కొట్టొచ్చినట్టు ఉండదు, మెరూన్, ఆవపసుపు, గులాబీ, తెలుపు కుర్తీలన్నిటి కిందా ఒదిగిపోతుంది. చుడీదార్ కొంటే మాత్రం ముందు బీరువాలో అనార్కలి ఉందో లేదో చూసుకుని కొనండి.