సీసీఐపీకి ఏఐ ఏజెంట్‌ను జోడించి చూశాం: ప్లాట్‌ఫారం నమ్మదగినదే, కనెక్టరుతోనే చిక్కు

ఒక బ్లాక్‌చెయిన్ మీదున్న టోకెన్లను మరొక చెయిన్ మీదికి తరలించే పనిని ఏఐ ఏజెంట్‌కు అప్పగించాలనుకునే చిన్న సాఫ్ట్‌వేర్ బృందాలను దృష్టిలో పెట్టుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. నేను బరంపురంలో, మా భాగస్వామి పర్లాకిమిడిలో ఉండి విదేశీ క్లయింట్లకు పని చేసిపెడుతుంటాం. వారిలో ఒక సంస్థ తన సరఫరాదారులకు చెల్లించవలసిన యూఎస్‌డీసీని (డాలరుతో విలువ ముడిపడిన టోకెన్) ఇథీరియం, బేస్, ఆర్బిట్రమ్ అనే మూడు చెయిన్ల మీద ఉంచుకుంటుంది. ఏ చెయిన్‌లో నిల్వ తగ్గితే అక్కడికి మరో చోటి నుంచి సర్దే ఏజెంట్ కావాలని, దానికి మామూలు మాటల్లో చెబితే సరిపోవాలని ఆ సంస్థ కోరింది. తరలింపుకు చెయిన్‌లింక్ వారి సీసీఐపీని, అంటే చెయిన్ల మధ్య టోకెన్లను, సందేశాలను మోసే ప్లాట్‌ఫారాన్ని, ఎంచుకున్నాం. ఏజెంట్‌ను దానికి జోడించడానికి నెలవారీ చందాతో దొరికే ఒక కనెక్టరు తీసుకున్నాం. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. పరీక్షలన్నీ అసలు డబ్బు లేని టెస్ట్‌నెట్ల మీదే జరిగాయి కాబట్టి ఎవరి డబ్బూ పోలేదు. నా అభిప్రాయం ముందే చెబుతాను: సీసీఐపీ తన పని తాను చక్కగా చేస్తుంది; కనెక్టరు మాత్రం ఏజెంట్‌కు ఇవ్వకూడనివి ఇచ్చి, చెప్పవలసినవి చెప్పకుండా వదిలేస్తుంది. ఈ రెండింటి మధ్య మీరు సొంతంగా ఒక కాంట్రాక్టు (చెయిన్ మీదే నడిచే ప్రోగ్రాం) పెట్టుకోగలిగితేనే ఈ జోలికి వెళ్లండి.

చెయిన్ల మధ్య టోకెన్లను దాటించే బ్రిడ్జిలకు ఉన్న చెడ్డపేరు ఊరికే వచ్చింది కాదు. 2022 ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ అనే బ్రిడ్జిలో సంతకాల తనిఖీలోని లోపాన్ని పట్టుకుని, డిపాజిట్ ఏమీ లేకుండానే 1,20,000 ర్యాప్డ్ ఈథర్‌ను (మరో చెయిన్ మీద ఈథర్‌కు బదులుగా చలామణి అయ్యే టోకెన్లను) దొంగలు ముద్రించుకున్నారు. ఆ మరుసటి నెలలో రోనిన్ బ్రిడ్జిలో లావాదేవీలను ఆమోదించే 9 వాలిడేటర్ కీలలో (సంతకానికి వాడే రహస్య సంఖ్యలలో) 5 దొంగల చేతికి చిక్కడంతో 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది. అదే ఏడాది ఆగస్టులో నోమాడ్ బ్రిడ్జిలో ఒక అప్‌గ్రేడ్ పొరపాటు వల్ల, మొదటి దొంగ పంపిన లావాదేవీని కాపీ చేసి అందులో తమ అడ్రసు పెట్టుకున్నవారందరికీ డబ్బు వచ్చిపడింది. ఇవన్నీ చూసినవారు సీసీఐపీ వైపు మొగ్గడానికి కారణాలున్నాయి. సందేశాలను మోసే నోడ్‌ల (కంప్యూటర్ల) సమూహం ఒకటి ఉంటే, అనుమానం కలిగినప్పుడు రాకపోకలను ఆపగల రిస్క్ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ వేరుగా ఉంటుంది. ఒక్కో దారిలో ఒక్కో టోకెన్ ఎంత మొత్తం వరకు వెళ్లవచ్చో, ఆ మొత్తం వాడేశాక మళ్లీ ఏ వేగంతో నిండాలో కూడా ముందే కట్టడి చేసి పెట్టవచ్చు. ప్లాట్‌ఫారంలోనే ఏదైనా పగులు వచ్చినా, ఒకేసారి మొత్తం కారిపోకుండా ఇది కాపాడుతుంది.

అయితే ఈ కట్టడులు కాపాడేది ప్లాట్‌ఫారాన్ని; మీ ఏజెంట్ నుంచి మిమ్మల్ని కాదు. ఏజెంట్ సరైన కీతో సంతకం చేసి తప్పుడు అడ్రసుకు పంపితే, సీసీఐపీ దృష్టిలో అది నూటికి నూరుపాళ్లు సక్రమమైన లావాదేవీ. దాన్ని ఆపవలసిన పని దానిది కాదు, ఆపదు కూడా. కనెక్టరు అమ్మేవారి ప్రకటనల్లో ప్లాట్‌ఫారం భద్రత గురించి పేజీలకు పేజీలు ఉంటాయి గాని, ఈ ఒక్క వాక్యం ఎక్కడా ఉండదు.

ఇక వాడకంలోకి వద్దాం. సీసీఐపీ ప్రతి చెయిన్‌కూ చెయిన్ సెలెక్టర్ అనే సొంత సంఖ్య ఒకటి పెట్టుకుంది. అది అందరికీ తెలిసిన చెయిన్ ఐడీ కాదు. సెపోలియా టెస్ట్‌నెట్ చెయిన్ ఐడీ 11155111 అయితే, దాని సెలెక్టర్ 16015286601757825753. ఇరవై అంకెల ఈ సంఖ్యను ఏజెంట్ వెనకున్న భాషా నమూనా జ్ఞాపకం నుంచి రాయబోతే ఎక్కడో ఒక అంకె జారిపోవడం ఖాయం. అంతకంటే విచిత్రం కనెక్టరు చేసిన పని. అది ఈ సెలెక్టర్‌ను అక్షరాల వరుసగా కాక జావాస్క్రిప్ట్ సంఖ్యగా పంపుతోంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలు 9007199254740991 దాటితే కచ్చితత్వం కోల్పోతాయి కాబట్టి, సరైన సెలెక్టర్‌ను ఇచ్చినా చివరి మూడు అంకెలు సున్నాలై బయటికి వస్తున్నాయి. అదృష్టవశాత్తు సీసీఐపీ తరఫున లావాదేవీలను స్వీకరించే రౌటర్ కాంట్రాక్టు తనకు తెలియని గమ్యాన్ని ఒప్పుకోదు, లావాదేవీని అక్కడికక్కడే వెనక్కి కొడుతుంది. కానీ ఆ కారణాన్ని ఏజెంట్‌కు చేరవేయకుండా కనెక్టరు ఒట్టి ‘విఫలమైంది’ అని మాత్రమే చెబుతుంది. అప్పుడు ఏజెంట్ ఊరుకోదు. ఫీజు పెంచి చూస్తుంది, మొత్తం మార్చి చూస్తుంది, చివరికి వేరే చెయిన్ మీదుగా పంపుదామని సలహా ఇస్తుంది. సమస్య ఏమిటో తెలియని సహాయకుడి ఉత్సాహం ఎంత ప్రమాదమో లాగ్‌లో చదువుతుంటే తెలుస్తుంది.

ఆ సెలెక్టర్ చిక్కు దాటాక కనిపించిన, దీనికంటే పెద్ద విషయం ఆలస్యం. ఇథీరియంలో 12 సెకన్లకు ఒక స్లాటు, 32 స్లాట్లకు ఒక ఈపక్. రెండు ఈపక్‌లు గడిస్తే గాని లావాదేవీ తిరుగులేనిది కాదు, అంటే సుమారు 13 నిమిషాలు. సీసీఐపీ మామూలుగా ఆ స్థిరత్వం వచ్చేదాకా ఆగి ఆ తర్వాతే గమ్యానికి సందేశం అందిస్తుంది. భద్రత కోసం ఆ ఆగడం అవసరమే, దాన్ని నేను లోపంగా లెక్కపెట్టను. లోపం ఎక్కడంటే, మేము వాడిన కనెక్టరు ‘పంపు’ అనే ఒకే పిలుపులో సొమ్ము గమ్యం చేరేదాకా ఎదురుచూసి, నిమిషం దాటగానే గడువు ముగిసిందని తప్పు సంకేతం ఇస్తుంది. ఏజెంట్ దాన్ని వైఫల్యంగా అర్థం చేసుకుని మళ్లీ పంపుతుంది. మొదటిదీ చేరుతుంది, రెండోదీ చేరుతుంది. మా భాగస్వామి లాగ్ చూసి, ‘ఇదేమిటండీ, ఒకే బిల్లుకు రెండుసార్లు వెళ్లింది’ అని ఫోన్ చేసే సమయానికి మూడోది కూడా దారిలో ఉంది. నిజానికి పంపిన చెయిన్‌లో లావాదేవీ నమోదైన వెంటనే సీసీఐపీ ఒక మెసేజ్ ఐడీ ఇస్తుంది. దాన్ని ఏజెంట్‌కు వెంటనే అందించి, చేరిందో లేదో కనుక్కోవడానికి వేరే టూల్ పెడితే సరిపోయేది. చందా వసూలు చేసే ఉత్పత్తిలో ఈ పాటి ఆలోచన లేకపోవడం నాకు మింగుడుపడలేదు.

కీ సంగతి ఇంకా ఇబ్బందికరం. కనెక్టరు నడవాలంటే వాలెట్ ప్రైవేట్ కీని దాని కాన్ఫిగరేషన్ ఫైలులో పెట్టమంటుంది. అదే యంత్రంలో ఫైళ్లు చదివే టూల్ కూడా ఏజెంట్‌కు ఉంటే, ఎవరైనా మాయమాటలతో ఆ కీని దాని నోటితోనే చెప్పించవచ్చు. పైగా మొదటిసారి టోకెన్ వాడుకోవడానికి అనుమతి అడిగేటప్పుడు కావలసిన మొత్తానికి కాకుండా అపరిమితంగా అనుమతి తీసుకుంటుంది. ఏఐ ఏజెంట్లను బయటి టూళ్లతో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ 2024 నవంబరులో వచ్చినప్పటి నుంచి ఇలాంటి కనెక్టర్లు పుట్టగొడుగుల్లా పెరిగాయి. వాటిలో చాలావాటిని ప్రతిసారీ తాజా వెర్షన్ దించుకుని నడిచేలా అమర్చమని సూచనల్లో ఉంటుంది. టూల్ వివరణే ఏజెంట్‌కు ఆదేశంలా పనిచేస్తుంది కాబట్టి, మీరు ఒకసారి చదివి ఒప్పుకున్న వివరణ రేపటి వెర్షన్‌లో మారిపోతే మీకు తెలియకుండానే ఏజెంట్ నడక మారుతుంది. ఏ కనెక్టరు తీసుకున్నా వెర్షన్‌ను బిగించి పెట్టుకోండి, మార్చేముందు తేడాలు చదవండి.

బయటి నుంచి వచ్చే రాతల గురించి కూడా చెప్పాలి. వాలెట్‌లోకి ఎవరైనా పనికిమాలిన టోకెన్లు పంపవచ్చు, వాటి పేర్లలోనే ‘ఈ సైటుకు వెళ్లి బహుమతి తీసుకోండి’ అని రాసి ఉండటం పాత మోసమే. మనిషి దాన్ని చూసి నవ్వుకుని వదిలేస్తాడు. ఏజెంట్ నిల్వల పట్టికతో పాటు ఆ పేరునూ చదువుతుంది, చదివినదాన్ని ఆదేశంగా తీసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సీసీఐపీ సందేశంలో టోకెన్‌తో పాటు డేటా కూడా పంపవచ్చు కాబట్టి, అవతలి చెయిన్ నుంచి వచ్చిన డేటాను ఏజెంట్‌కు నేరుగా చదవడానికి ఇవ్వకూడదు. సరఫరాదారు పంపిన బిల్లులోని బ్యాంకు వివరాలు, అడ్రసులు కూడా అంతే. ‘ఇలాంటి మాటలు వినవద్దు’ అని ఏజెంట్‌కు ఇచ్చే ప్రాంప్ట్‌లో (సూచనల్లో) ఎంత గట్టిగా రాసినా అది విన్నపమే, తాళం కాదు.

ఈ అనుభవంతో మేము చేసిన అమరిక ఇది. కొత్తగా చేరిన గుమాస్తాకు గల్లాపెట్టె తాళం ఇవ్వకుండా రోజు ఖర్చుకు మాత్రమే చేతికిచ్చినట్టు, ఏజెంట్‌కు అసలు నిధుల మీద అధికారం లేకుండా చేశాం. యూఎస్‌డీసీ మా సొంత కాంట్రాక్టులో ఉంటుంది, సీసీఐపీ రౌటర్‌తో మాట్లాడేది ఆ కాంట్రాక్టే. చెయిన్‌లింక్ వారి నమూనా కాంట్రాక్టుల్లో గమ్య చెయిన్లను ముందే అనుమతించి పెట్టే ఏర్పాటు ఎలాగూ ఉంది. దానికి మేము అనుమతించిన అడ్రసుల జాబితా, రోజువారీ పరిమితి, బిల్లు నంబరు చేర్చాం. ఒకసారి వాడిన బిల్లు నంబరుతో రెండో లావాదేవీ వస్తే కాంట్రాక్టే తిప్పికొడుతుంది కాబట్టి, గడువు ముగిసిందని ఏజెంట్ ఎన్నిసార్లు కంగారుపడినా నష్టం లేదు. సెలెక్టర్ల పట్టిక కాంట్రాక్టులోనే ఉంది; ఏజెంట్ ‘బేస్’ అని చెబితే చాలు, ఇరవై అంకెలతో దానికి పని లేదు. ఏజెంట్ తరఫున సంతకం చేసే కీ వేరే యంత్రంలో, వేరే ప్రోగ్రాంలో ఉంటుంది. ఆ కీ ఆ కాంట్రాక్టులోని ఒకే ఒక్క ఫంక్షన్‌ను పిలవగలదు, అంతకుమించి ఏమీ చేయలేదు. జాబితాలో కొత్త అడ్రసు చేర్చాలన్నా పరిమితి పెంచాలన్నా క్లయింటు మనుషులు ఇద్దరు తమ హార్డ్‌వేర్ వాలెట్లతో (కీని విడిగా దాచే చిన్న పరికరాలతో) సంతకాలు పెట్టాలి.

పరిమితి దాటిన మొత్తాలకు మనిషి ఆమోదం పెట్టాం. అందులో ఒక నిబంధన మా ప్రాంతాన్ని చూసి పెట్టుకున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచినప్పుడు కరెంటు, ఫోను ఎలా పోతాయో పర్లాకిమిడిలో ఉన్నవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అలాంటప్పుడు పెండింగులో ఉన్న అభ్యర్థనలు రెండు రోజుల తర్వాత నెట్ రాగానే పోగుపడి ఫోనులో దర్శనమిస్తే, హడావుడిలో అన్నింటికీ ‘సరే’ నొక్కే అవకాశం ఉంది. అందుకే ప్రతి అభ్యర్థనకూ గడువు పెట్టి, జవాబు రాకపోతే తిరస్కరించినట్టే లెక్క అని కాంట్రాక్టులోనే రాశాం. ఆమోదించే తెరలో ఏజెంట్ రాసిన సారాంశం చూపించం. సంతకం కాబోయే డేటాను విప్పి, గమ్య చెయిన్, అడ్రసు, మొత్తం మాత్రమే చూపిస్తాం. 2025 ఫిబ్రవరిలో క్రిప్టో ఎక్స్ఛేంజి బైబిట్ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు పోయింది, సంతకం చేసినవారికి తెర మీద ఒకటి కనిపించి కింద మరొకటి ఉండటం వల్లనే. అక్కడ సంతకాలకు కొదవ లేదు. చూసింది వేరు, సంతకం చేసింది వేరు.

ఖర్చు సంగతికి వస్తే, సీసీఐపీ ఫీజును చెయిన్‌లింక్ వారి లింక్ టోకెన్‌లో గాని ఆ చెయిన్ గ్యాస్ టోకెన్‌లో (లావాదేవీల రుసుము కట్టే టోకెన్‌లో) గాని కట్టవచ్చు, పంపే ముందే ఎంతో అడిగి తెలుసుకోవచ్చు. ఇథీరియం వైపు వెళ్లే తరలింపులు మిగతావాటికంటే ఖరీదు. చిన్న మొత్తాలను తరచుగా తిప్పేవారికి ఇది గిట్టుబాటు కాదు. మన దేశంలో ఉండి సొంత డబ్బుతో ఇది చేయాలనుకునేవారు క్రిప్టో లాభాల మీద 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న 30 శాతం పన్ను గురించి, ఆ ఏడాది జూలై నుంచి వచ్చిన 1 శాతం టీడీఎస్ గురించి ముందు తమ ఆడిటరుతో మాట్లాడుకోవాలి. మా వీధిలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒక పెద్దాయన ఈ పని గురించి విని, ‘బాబూ, ఇచ్ఛాపురం పార్టీల బాకీలకు ఇది పనికొస్తుందా’ అని అడిగారు. ‘మీకు యూపీఐ చాలు బాబాయ్’ అన్నాను. విదేశాల్లో, చెయిన్ల మీదే లెక్కలు నడిపే సంస్థలకు తప్ప దీని అవసరం ఎవరికీ లేదని ఇప్పటికీ నా ఉద్దేశం.

కనెక్టరు అమ్మేవారికి లోపాలన్నీ వివరంగా రాసి పంపాం. సెలెక్టర్‌ను అక్షరాల వరుసగా పంపేలా సరిచేశారు. అపరిమిత అనుమతిని, ఫైలులోని కీని మాత్రం అలాగే ఉంచారు. కాబట్టి చందా కొనసాగిస్తూనే దాన్ని చదివే పనులకే పరిమితం చేశాం: నిల్వలు చూడటం, ఫీజు అంచనా వేయడం, మెసేజ్ ఐడీ ఇస్తే స్థితి చెప్పడం. ఆ మూడు పనులూ అది తడబడకుండా చేస్తుంది, కీ అడగదు. పంపే పని మాత్రం మా సొంత ప్రోగ్రాం ద్వారానే జరుగుతోంది. అసలు డబ్బు నడిచే మెయిన్‌నెట్‌కు వెళ్లే ముందు ఆ కాంట్రాక్టును బయటి ఆడిటర్లకు చూపించమని క్లయింటుకు చెప్పాం. ఆ నివేదిక వచ్చేదాకా ఏజెంట్ సెపోలియా దాటదు.