మిస్‌ఇన్ఫర్మేషన్, డిస్‌ఇన్ఫర్మేషన్ ఒకటేనా?

తెలుగులో రెండింటినీ "తప్పుడు సమాచారం" అనేస్తాం. తేడా అక్కడే పోతుంది. రెండిట్లోనూ విషయం అబద్ధమే. చెప్పినవాళ్లకు అది అబద్ధమని తెలుసా, లేదా అన్నదే అసలు సంగతి.

పెద్దమ్మ ఫ్యామిలీ గ్రూపులో "వేడినీళ్లు తాగితే వైరస్ చచ్చిపోతుంది" అని ఫార్వర్డ్ చేసిందనుకోండి. ఆవిడ నమ్మింది, మన మంచి కోరే పంపింది. ఇది మిస్‌ఇన్ఫర్మేషన్. నిజానికి ఈ మాట కాస్త వెడల్పు: ఉద్దేశం ఏదైనా సరే, సమాచారం తప్పయితే చాలు, వాడొచ్చు.

డిస్‌ఇన్ఫర్మేషన్ అలా కాదు. అది తెలిసి, మోసం చేయాలనే అల్లినది. 1983లో ఢిల్లీ పత్రిక 'పేట్రియాట్'లో పేరులేని ఉత్తరం ఒకటి వచ్చింది. ఎయిడ్స్ వైరస్‌ను అమెరికా తన ప్రయోగశాలలో తయారుచేసిందని దాని సారాంశం. దాని వెనక ఉన్నది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ. అక్కడ అది డిస్‌ఇన్ఫర్మేషన్. తర్వాత దాన్ని నిజమని నమ్మి, భయపడి పదిమందికీ చెప్పినవాళ్ల నోట అదే కథ మిస్‌ఇన్ఫర్మేషన్ అయింది. ఒక్క అక్షరం మారలేదు, చెప్పే మనిషి మారాడంతే.

అలాగని ప్రతి అబద్ధానికీ డిస్‌ఇన్ఫర్మేషన్ అనే పెద్ద పేరు తగిలించకండి. ఆలస్యంగా వచ్చి ట్రాఫిక్ మీద తోసేస్తే అది ఉత్త 'లై'. ఎదుటివాళ్ల ఉద్దేశం తెలియనప్పుడు నేనైతే 'మిస్' అనే రాస్తాను. 'డిస్' అంటే ఆరోపణే, దానికి రుజువు చూపాలి.