పెద్ద నగరంలో చవకగా, రుచిగా తినాలంటే ఏది మేలు?

కొత్త నగరానికి బయలుదేరే ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒకటే. చైనా, వియత్నాం, థాయి, కొరియా వంటకాలు అసలు రుచితో, జేబుకు చిల్లు పడకుండా ఎక్కడ దొరుకుతాయి? ఒక రెస్టారెంటు పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ వంటవాడు మానేసినా, యజమాని అమ్ముకున్నా ఆ పేరు ఎందుకూ కొరగాదు. అందుకని పేర్లను వదిలి, వెతికే దారులనే పక్కపక్కన పెట్టి చూద్దాం. ఫోనులోని రేటింగులు, గైడు జాబితాలు, వలస వచ్చినవాళ్లు స్థిరపడిన పేటలు, ఒకే కప్పు కింద పదుల అంగళ్లుండే ఫుడ్ కోర్టులు. పోటీ ప్రధానంగా ఈ నాలుగింటి మధ్యనే.

రేటింగుల సౌలభ్యాన్ని తక్కువ చేసి చెప్పలేం. ఊళ్లో దిగిన గంటలోపు, భాష రాకపోయినా, నడిచి వెళ్లగలిగే దూరంలో ఏది తెరిచి ఉందో చెప్పేది ఫోనే. మరీ నాసిరకం చోట్లను అది బాగానే ఏరేస్తుంది. బాగున్నవాటిలో మేలైనది చూపమంటేనే తడబడుతుంది. నక్షత్రాలు ఇచ్చేవాళ్లు వంట ఒక్కదాన్నే చూసి ఇవ్వరు. నవ్వుతూ పలకరించారా, గది చల్లగా ఉందా, కార్డు తీసుకున్నారా అన్నవన్నీ ఆ ఒక్క అంకెలోకే చేరిపోతాయి. ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే నూడుల్స్ అంగడిలో గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, మారుమాట లేకుండా వెళ్లిపోతారు. రోజూ వచ్చేవాళ్లు దాన్ని పట్టించుకోరు. కొత్తగా వచ్చినవాళ్లకు అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది, ఒక నక్షత్రం అక్కడే తగ్గిపోతుంది. అమెరికాలోని చైనా రెస్టారెంట్లలో ఐదుకు మూడున్నర నక్షత్రాలున్నవే అసలైనవన్న మాట సామాజిక మాధ్యమాల్లో బాగా తిరగడానికి కారణం ఇదే. అందులో అతిశయోక్తి ఉన్నా, మూలంలో నిజముంది.

పైగా అంకెల కొలత దేశదేశానికీ వేరు. జపాన్‌లో జనం చూసుకునే టాబెలాగ్ అనే రేటింగుల సైటులో ఐదుకు 3.5 దాటిందంటే చాలా మంచి చోటని లెక్క. గూగుల్ మ్యాప్స్‌కు అలవాటుపడినవాళ్లు ఆ అంకె చూసి పక్కకు తప్పుకుంటారు. చైనాలో డియాన్‌పింగ్, హాంకాంగ్‌లో ఓపెన్‌రైస్, దక్షిణ కొరియాలో నేవర్ మ్యాపు చూడాలి. అక్కడి వాళ్లు తమలో తాము చెప్పుకునే మాటలు వాటిలోనే ఉంటాయి.

గైడు జాబితాలకు వస్తే మిషెలిన్ పేరు ముందు చెప్పాలి. 1900లో కారు నడిపేవాళ్ల కోసం మొదలైన ఆ గైడు 1926 నుంచి నక్షత్రాలు ఇస్తోంది. మన అవసరానికి పనికివచ్చేది నక్షత్రాల పట్టిక కాదు, 1997లో వచ్చిన బిబ్ గోర్మాండ్ పట్టిక. అందుబాటు ధరలో మంచి భోజనం పెట్టే చోట్లకే అందులో చోటు. ఎవరో తెలిసినవాళ్లు తిని చూసి ఎంచారన్న భరోసా ఉంటుంది కాబట్టి, ఒక్క పూటే చేతిలో ఉంటే ఇది మంచి దారి. చిక్కు ఏమిటంటే, పట్టికకెక్కాక ఆ చోటు మునుపటిలా ఉండదు. 2016లో సింగపూర్‌లో రెండు హాకర్ అంగళ్లకు, అంటే ఒకటి రెండు వంటకాలే అమ్మే చిన్న అంగళ్లకు, ఏకంగా నక్షత్రమే వచ్చింది. వీధి అంగడి స్థాయి వంటకు అంత గౌరవం దక్కడం నాకు ఇప్పటికీ సంతోషం కలిగించే విషయం. ఆ తర్వాత వాటి ముందు చాంతాడంత క్యూలు మొదలయ్యాయి. వాటిలో సోయా సాస్ కోడి అమ్మే అంగడి శాఖలు తెరిచి విస్తరించింది, 2021లో దాని నక్షత్రం పోయింది. ఇంకో ఇబ్బంది, ఈ గైడు అడుగుపెట్టని నగరాలు చాలా ఉన్నాయి.

ఇక నా దృష్టిలో అన్నింటినీ తేల్చే అంశానికి వస్తాను. ఏ రెస్టారెంటునైనా ఒక్క ప్రశ్న వేసి చూడండి: ఇది ఎవరి మీద బతుకుతోంది? ఒకసారి తిని మళ్లీ ఈ వైపు రానివాళ్ల మీదా, ప్రతి వారం వచ్చేవాళ్ల మీదా? పర్యాటకులు తిరిగే కూడలిలో వంట చెడినా నష్టం లేదు, రేపు కొత్తవాళ్లు వస్తారు. అక్కడి అద్దె కూడా తక్కువేమీ కాదు, అదంతా మన బిల్లులోనే వసూలవుతుంది. అదే వంట తిని పెరిగినవాళ్లు కాపురముంటున్న పేటలో పరిస్థితి వేరు. తినడానికి వచ్చే మనిషి ఇంట్లోనూ అదే వంట ఉంటుంది. పులుసు పలచబడితే నాలుక వెంటనే పట్టేస్తుంది. ధర పెంచితే పక్కనే అదే ఊరి వంట చేసే మరో అంగడి ఉంటుంది. రుచి, ధర రెండూ అదుపులో ఉండటానికి ఇంతకంటే గట్టి కాపలా నాకు కనిపించలేదు. అందుకే రెస్టారెంటును కాకుండా ముందు పేటను ఎంచుకోమంటాను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చైనాటౌన్ అనే పేరున్న చోటూ, చైనా నుంచి వచ్చినవాళ్లు ఇప్పుడు ఉంటున్న చోటూ ఒకటి కాకపోవచ్చు. నగరం నడిబొడ్డున అద్దెలు పెరిగేకొద్దీ మనుషులు శివార్లకు వెళ్లిపోతారు, పేరూ కమానూ అక్కడే మిగులుతాయి. వాషింగ్టన్‌లో చూడండి. చైనాటౌన్‌లో రంగురంగుల పెద్ద కమాను ఉంది, గొలుసు దుకాణాల బోర్డుల మీద కూడా చైనా అక్షరాలున్నాయి, చైనా కుటుంబాలు మాత్రం ఎప్పుడో చెదిరిపోయాయి. ఆ నగరంలో ఆసియా భోజనం కోసం నది దాటి వర్జీనియాలోని ఫాల్స్ చర్చ్‌కు వెళ్లేవాళ్లు ఎందరో. అక్కడి ఈడెన్ సెంటర్ అనే అంగళ్ల సముదాయం మొత్తం వియత్నాం వాళ్లదే. ఫో అనే నూడుల్స్ సూప్ అమ్మే చోటు పక్కనే నగల కొట్టు, దాని పక్కన మిఠాయిల అంగడి, మధ్యలో వాహనాలు నిలిపే పెద్ద ఆవరణ. సెలవు రోజున అక్కడ నిలబడితే మూడు తరాల వాళ్లు ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం కనిపిస్తుంది.

న్యూయార్క్‌లో మన్‌హట్టన్ చైనాటౌన్ ఇంకా సజీవంగానే ఉంది. అయినా నేనైతే 7వ నంబరు రైలెక్కి చివరి స్టేషను దాకా వెళ్లమంటాను. అది ఫ్లషింగ్ అనే పేట. మెట్లెక్కి మెయిన్ స్ట్రీట్ మీదికి రాగానే కనిపించే బోర్డులే సంగతి చెప్పేస్తాయి. చైనా అంతా ఒకే వంట అనుకునేవాళ్ల భ్రమ అక్కడ తొలగిపోతుంది. చేత్తో సాగదీసిన లాన్జో నూడుల్స్, జీలకర్ర దట్టించిన షియాన్ గొర్రె మాంసం, నాలుక తిమ్మిరెక్కించే సిచువాన్ మిరియాలు, దేని అంగడి దానిదే. తర్వాత నగరమంతా శాఖలు తెరిచిన షియాన్ ఫేమస్ ఫుడ్స్ మొదలైంది కూడా ఈ పేటలోని ఒక నేలమాళిగలో, 2005లో. లండన్‌లో కొరియా వంటకు న్యూ మాల్డెన్, ప్యారిస్‌లో వియత్నాం, కంబోడియా వంటలకు 13వ వార్డు, సిడ్నీలో వియత్నాం వంటకు కాబ్రమట్టా. లాస్ ఏంజెలెస్‌లోనైతే సాన్ గాబ్రియేల్ లోయ పట్టణాలన్నీ ఇటువంటివే. ఆ నగరపు శివార్లలో, లాండ్రీల పక్కన చిన్న చిన్న మడిగెల్లో నడిచే వంటశాలల గురించి జీవితమంతా రాసిన జొనాథన్ గోల్డ్‌కు 2007లో పత్రికా రచనకిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది. భోజన విమర్శకుడికి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి.

పేట సరైనదో కాదో తెలుసుకోవడానికి రెస్టారెంట్లను చూడకండి, మిగతా అంగళ్లను చూడండి. ఆ దేశపు కూరగాయలమ్మే కొట్టు, క్షౌరశాల, డబ్బు స్వదేశానికి పంపే చోటు, పంటి వైద్యుడి బోర్డు, డ్రైవింగ్ నేర్పే బడి, ఇవన్నీ అదే లిపిలో కనిపిస్తే జనం అక్కడే ఉంటున్నట్టు. రెస్టారెంట్లు మాత్రమే వరుసగా ఉండి, గుమ్మం ముందు మనిషి నిలబడి రమ్మని పిలుస్తుంటే అది చూడవచ్చినవాళ్ల కోసం వెలసిన వీధి. లోపలికి వెళ్లాక మెనూ పరిశీలించండి. సుషీ, పాడ్ థాయి, తీపి పులుపు కోడి అన్నీ ఒకే కాగితం మీద ఉంటే ఆ వంటవాడికి ఏ ఒక్కదాని మీదా పట్టు లేదనే నా నమ్మకం. ఒక ఊరి పేరో, ఒక్క వంటకం పేరో బోర్డు మీద ఉన్న చోట తినండి. గోడకు చేతిరాత కాగితాలు అంటించి ఉంటే అవే ఆనాటి ప్రత్యేకాలు. చదవలేకపోతే పక్క బల్ల వైపు చూపించి అదే ఇమ్మంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

పరిశుభ్రత మాటేమిటని కొందరు అడుగుతారు. న్యూయార్క్‌లో 2010 నుంచి తనిఖీ ఫలితాన్ని ఏ, బీ, సీ అక్షరాలతో గుమ్మం దగ్గరే అతికించాలి. తప్పులకు వేసే పాయింట్లు 13 దాటకపోతే ఏ వస్తుంది. చూసుకోండి, కానీ ఆ అక్షరానికీ రుచికీ సంబంధం లేదు.

పేటకు చేరాక ఫోను తీయండి, అప్పుడు దాని విలువ పెరుగుతుంది. ఇంగ్లీషులో వెతకవద్దు. తినాలనుకున్న వంటకం పేరును అనువాద యాప్‌లో ఆ భాషలోకి మార్చి, ఆ అక్షరాలనే మ్యాపులో అతికించి వెతకండి. ఇంగ్లీషు వెతుకులాటలో పైకి రాని అంగళ్లు బయటపడతాయి. తర్వాత ఆ లిపిలో ఉన్న సమీక్షలనే అనువదించి చదవండి. నక్షత్రాల సంఖ్యను వదిలేసి, ఇటీవలి ఫొటోలలో ఎక్కువ బల్లల మీద కనిపిస్తున్న వంటకం ఏదో చూసి అది తెప్పించుకోండి.

ఈ దారికి ఖర్చు లేదనను. రైలులో గంట పోవడం, గంట రావడం, మధ్యలో తిరగడం కలిపి సగం రోజు గడిచిపోతుంది. మధ్యాహ్నం దిగి రాత్రికి విమానం ఎక్కేవాళ్లకు ఇది కుదరదు, వాళ్లు బిబ్ గోర్మాండ్ పట్టిక పట్టుకోవడమే మంచిది. మూడు రోజులున్నా సరే, ఒక పూట దీనికి కేటాయించమంటాను.

ఫుడ్ కోర్టులకు నా రెండో ఓటు, కానీ అన్నింటికీ కాదు. సింగపూర్ హాకర్ సెంటర్లు సాటిలేనివి. వీధుల్లో బండ్లు పెట్టుకున్నవాళ్లను 1970లు, 80లలో ప్రభుత్వం నీళ్లూ కాలువలూ ఉన్న కప్పుల కిందికి తరలించింది. ఆ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక్కో అంగడి ఒకటి రెండు వంటకాలే చేస్తుంది, ఏళ్ల తరబడి అవే చేస్తుంది, తినేవాళ్లు చుట్టుపక్కల ఇళ్లవాళ్లే. ఎవరి మీద బతుకుతోందన్న ఇందాకటి ప్రశ్నకు ఇవి దర్జాగా నిలబడతాయి. పాత గోదాములకు రంగులు వేసి, దీపాలు వేలాడదీసి ఇప్పుడు నగరాల్లో తెరుస్తున్న కొత్త ఫుడ్ హాళ్లు వేరే జాతి. అక్కడ అద్దె బరువు పళ్లెం మీద పడుతుంది. పరిమాణం చిన్నది, ధర పెద్దది.

హోటలు గుమస్తా చెప్పే చోట్లు సురక్షితం, సాదాసీదా. టాక్సీ డ్రైవరును మాత్రం ఎక్కడ తినమంటావని కాకుండా నువ్వెక్కడ తింటావని అడగండి. ఇంటికి తెప్పించే యాప్‌లు వెతకడానికి పనికిరావు, నూడుల్స్ దారిలోనే మెత్తబడతాయి. గొలుసు రెస్టారెంట్లు ఆకలి తీరుస్తాయి.

టోక్యో, సియోల్ వంటి నగరాల్లో పేట సూత్రం అలాగే వర్తించదు, అక్కడ ఊరంతా ఆ పేటే. అలాంటి చోట నేను వేళను చూస్తాను. టోక్యోలో రాత్రి పూట ఖరీదైన చాలా చోట్లు మధ్యాహ్నం వెయ్యి యెన్‌లకు అటూ ఇటుగా భోజనం పెడతాయి. అన్నం, మీసో సూప్, ఊరగాయ, ఒక ప్రధాన వంటకం. కార్యాలయాల సందుల్లో పన్నెండుకు ముందే వెళ్లి కూర్చోవాలి. రామెన్ అనే నూడుల్స్ సూప్ అంగళ్లలో గుమ్మం దగ్గర టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బు వేసి మీట నొక్కి, వచ్చిన చీటీని వంటవాడి ముందు పెట్టాలి. ఏది నొక్కాలో తోచకపోతే ఎడమవైపు పై మూల మీట నొక్కండి, సాధారణంగా ఆ అంగడి పేరున్న వంటకం అక్కడే ఉంటుంది.

మాంసం తినని వాళ్లూ ఇదే ప్రశ్న అడుగుతుంటారు. వాళ్లకు పేట మరింత ముఖ్యం. కూరగాయలు మాత్రమే కనిపించే థాయి, వియత్నాం వంటల్లో చేప సాస్, జపాన్ సూప్‌లలో ఎండు చేప రసం ఉండటం మామూలు. సామాన్యమైన రెస్టారెంటులో అది తీసేయమని అడిగి ఒప్పించడం కష్టం. వలస పేటల్లో బౌద్ధుల శాకాహార భోజనశాలలు వేరుగా ఉంటాయి. వియత్నాం అంగళ్ల బోర్డు మీద చాయ్ అన్న మాట ఉందేమో అడగండి, అది టీ కాదు, శాకాహారమని. చాంద్రమానం ప్రకారం నెల మొదటి రోజున, పున్నమి నాడు మాంసం మానే వియత్నాం బౌద్ధులు చాలామంది. ఆ రోజుల్లో వెళితే మామూలు అంగళ్లలోనూ ఈ వంటకాలు ఎక్కువగా దొరుకుతాయి.