గూడు బండితో ఆరేళ్లు: పాప్-అప్ ట్రక్ క్యాంపర్ నాలుగు కాలాల్లో ఎలా ఉంది?

పోయిన వేసవిలో మా అత్తయ్య రాజమండ్రి నుంచి వచ్చారు. ఇంటి ముందు ట్రక్ వెనకున్న క్యాంపర్ పైకప్పు లేపి చూపిస్తే ఒక్క నిమిషం అలా చూసి, "ఇది మన గూడు బండే కదమ్మా! ఎడ్లొక్కటే లేవు" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు అదే. మేముండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన. నేను, మా ఆయన ఈ ఆరేళ్లలో రెండొందల రాత్రులకు పైగా అందులో పడుకున్నాం. కొనాలా వద్దా అని అడిగే తెలుగు స్నేహితులు ఈ మధ్య ఎక్కువయ్యారు. అందుకని తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది ట్రెయిలర్ కాదు. పికప్ ట్రక్ వెనక తొట్టెలోకి ఎక్కించి నాలుగు మూలలా బిగించే పెట్టె. ప్రయాణంలో పైకప్పు దిగి ఉంటుంది. ఆగాక లోపలి నుంచి తోస్తే సుమారు రెండడుగులు లేస్తుంది. అలా లేచిన మేర గోడలు గుడ్డవే, వినైల్ పూత వేసిన మందపాటి గుడ్డ. డ్రైవర్ తల మీదుగా ముందుకు పొడుచుకొచ్చిన భాగంలో మంచం, కింద స్టవ్, సింకు, చిన్న ఫ్రిజ్, ప్రొపేన్ హీటర్. 2019 అక్టోబర్లో సెకండ్‌హ్యాండ్‌లో 14,500 డాలర్లకు తీసుకున్నాం.

ఎంచుకునేటప్పుడు అందరూ ముందు క్యాంపర్ చూసుకుని, ట్రక్ సంగతి తర్వాత ఆలోచిస్తారు. మేమూ అలాగే చేశాం. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన చట్రం మీద పసుపు-తెలుపు స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను అంతా కలిపి ఇంత బరువు దాటకూడదని దాని మీద ఉంటుంది. మా పాత హాఫ్-టన్ ట్రక్‌కి (పికప్‌లలో తేలిక రకం) అది 1,480 పౌండ్లు. క్యాంపర్ బ్రోషర్లో 1,200 అని ఉంది, సరిపోతుందనుకున్నాం. కానీ బ్రోషర్లో వేసేది ఖాళీ పెట్టె బరువు. నీళ్లు గ్యాలన్‌కి 8.3 పౌండ్లు. మా ట్యాంకు 20 గ్యాలన్లు కాబట్టి నీళ్లే 166 పౌండ్లు. దాని మీద ప్రొపేన్ సిలిండర్లు, బ్యాటరీ, నీడకు బయటికి చాపే ఆనింగ్, పరుపు, గిన్నెలు, బియ్యం, ఆ పైన మేమిద్దరం.

హైవే మీద ట్రక్ స్టాపుల్లో లారీలు తూచే క్యాట్ స్కేల్ ఉంటుంది. కొద్దిగా డబ్బు కడితే ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని కాగితం ఇస్తారు. మొదటి నెలలోనే తూయించాం. స్టిక్కర్ కంటే దాదాపు 600 పౌండ్లు ఎక్కువ మోస్తున్నామని తేలింది. ఆ కాగితం చూశాక కొండ దిగే ప్రతిసారీ నాకు ఒకటే టెన్షన్. వెనక స్ప్రింగులకు తోడుగా బిగించే ఎయిర్ బ్యాగులు వేసుకుంటే చాలని చాలామంది సలహా ఇచ్చారు. వాటితో వెనక భాగం కుంగకుండా నిలబడుతుంది, అంతే. బ్రేకులు, ఇరుసు, టైర్లు మోయగలిగే బరువు పెరగదు. ఆర్నెల్లు తిరక్కుండానే ఇంకా ఎక్కువ బరువు మోసే త్రీ-క్వార్టర్ టన్ ట్రక్‌కి మారాం. మీరు మాత్రం ఆ స్టిక్కర్ ఫొటో ఫోన్‌లో పెట్టుకునే క్యాంపర్ చూడటానికి వెళ్లండి.

గట్టి గోడలవి ఎందుకు తీసుకోలేదంటే, అదీ బరువు వల్లే. వాటిలో ఖాళీగానే 2,000 పౌండ్లు దాటేవి ఎక్కువ, ఎత్తు కూడా ఎక్కువ. మా బండి కప్పు దించితే ట్రక్ క్యాబ్ కంటే కొంచెమే ఎత్తు. యూరే నుంచి సిల్వర్టన్ వెళ్లే మిలియన్ డాలర్ హైవే మీద చాలా చోట్ల పక్కన రెయిలింగ్ ఉండదు. ఆ మలుపుల్లో బండి ఊగకుండా, నింపాదిగా నడిచింది. బరువు, ఎత్తు తగ్గించింది ఆ గుడ్డ గోడలే. మేం పడ్డ కష్టాల్లో ఎక్కువ భాగం కూడా వాటివల్లే.

అమ్మినతను ఇది నాలుగు కాలాలకూ పనికొస్తుందన్నాడు. 2020 జనవరిలో ఆలమోసా దగ్గర శాన్ లూయీ లోయలో మొదటి చలి రాత్రి గడిపాం. ఏడున్నర వేల అడుగుల ఎత్తు, సున్నాకు కింద 20 డిగ్రీల సెల్సియస్. తెల్లవారుజామున మూడింటికి హీటర్ ఆగిపోయింది. మండేది ప్రొపేనే అయినా ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీ కావాలి, ఆ పాత లెడ్-యాసిడ్ బ్యాటరీ చలికి చేతులెత్తేసింది. ఉన్న బట్టలన్నీ తొడుక్కుని తెల్లారే దాకా ట్రక్ క్యాబ్‌లో కూర్చున్నాం. వచ్చాక లిథియం బ్యాటరీ వేయించాం. దానికీ ఒక నియమం ఉంది. సున్నా డిగ్రీల కంటే చల్లబడితే దాన్ని ఛార్జ్ చేయకూడదు. అందుకే బయటి అరలో కాకుండా లోపల, హీటర్ గొట్టం పక్కన పెట్టించాం.

బ్యాటరీ మార్చాక చలి బాధ దాదాపు తీరింది. తేమ బాధ మాత్రం ఇప్పటికీ తీరలేదు. ఇద్దరు మనుషులు రాత్రంతా వదిలే ఊపిరి, ఆరేసిన సాక్సులు, కాచిన టీ, ఈ ఆవిరంతా వెళ్లి చల్లటి గుడ్డకు, అల్యూమినియం చట్రానికి పడుతుంది. ప్రొపేన్ కాలినా నీరే పుడుతుంది, కిలో కాలితే కిలోన్నరకు పైగా ఆవిరి. హీటర్ దాన్ని గొట్టంలోంచి బయటికి పంపేస్తుంది. స్టవ్ మాత్రం అంతా లోపలే వదులుతుంది. వెచ్చదనం కోసం స్టవ్ వెలిగించి కూర్చోవడం అస్సలు చేయొద్దు. తేమ సంగతి అలా ఉంచితే, స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రాణాలు తీస్తుంది. డిటెక్టర్ లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు.

ఆ చలికాలమే ఓ పొద్దున దుప్పట్లు మడుస్తూ పరుపు ఎత్తి చూశాను. కింద చెక్క మీద సరిగ్గా నేను పడుకున్న మేర నల్లగా తడి. వేలితో నొక్కితే నీళ్లు ఊరాయి. పైన దుప్పటి పొడిగా, వెచ్చగా ఉంది. ఎత్తి చూడకపోతే ఎన్నాళ్లకు తెలిసేదో! ఇప్పుడు పరుపు కింద గాలి ఆడేలా ప్లాస్టిక్ అల్లిక చాప పరుస్తాం. గుడ్డ గోడలకు లోపలి వైపు ఆర్కటిక్ ప్యాక్ అనే రెండో పొర తగిలిస్తాం. ఎంత చలి ఉన్నా పైకప్పు వెంట్ ఒక అంగుళం, మంచం దగ్గరి కిటికీ జిప్పు నాలుగు వేళ్ల మేర తెరిచే పడుకుంటాం. మొదట్లో మా ఆయన ఒప్పుకోలేదు. "హీటర్ వేసుకుని కిటికీ తెరవడమేంటి?" అనేవారు. రెండు రాత్రులు మూసి, రెండు రాత్రులు తెరిచి చూశాం. మూసినప్పుడు ఆర్కటిక్ ప్యాక్ వెనక గోరుతో గీస్తే ఊడొచ్చేంత మంచు పేరుకుంది. తెరిచినప్పుడు అక్కడక్కడ చెమ్మ, అంతే. గ్యాస్ కాస్త ఎక్కువ అవుతుంది, ఫర్వాలేదు.

గుడ్డ బిరుసెక్కి ఉన్నప్పుడు కప్పు దించొద్దు, మడతల దగ్గర చిట్లుతుంది. ముందు ఇరవై నిమిషాలు హీటర్ వేసి, తువ్వాలుతో తుడిచి, అప్పుడు దించుతాం. ఇంటికి రాగానే డ్రైవ్‌వేలో మళ్లీ కప్పు లేపి రెండు రోజులు ఆరబెడతాం. ఒక్కసారి అలసిపోయి అలాగే వదిలేశాం. వారం తర్వాత తెరిస్తే ముక్కుకు గుప్పుమని బూజు వాసన. వెనిగర్ నీళ్లతో ఎంత తుడిచినా ఒక మూల మడతలో నల్ల చుక్కలు ఇంకా ఉన్నాయి. కప్పు మీద మంచుంటే లేపే ముందు, దించే ముందు తోసేయాలి. కప్పు లేపడానికి తోడ్పడే గ్యాస్ స్ట్రట్లకు చలిలో బలం తగ్గుతుంది. జూన్‌లో ఒక్క తోపుకు లేచే కప్పును జనవరిలో భుజం పెట్టి లేపాల్సి వస్తుంది. నవంబర్ నుంచి మార్చి దాకా ట్యాంకులో నీళ్లు పొయ్యం. పంపులో ఆర్వీలకు (ఇల్లులా ఉండే బళ్లకు) వాడే గులాబీ రంగు యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టని ద్రవం, ఉంటుంది, తాగే నీళ్లు క్యాన్లలో తీసుకెళ్తాం.

వంట గురించి మనవాళ్లంతా అడుగుతారు. పదివేల అడుగుల ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. మూత పెట్టి గంటసేపు ఉడికించినా కందిపప్పు మెదగదు. చిన్న కుక్కర్ తప్పనిసరి. అది కూడా బయట, మడత టేబుల్ మీద విడి స్టవ్ పెట్టి చేస్తాం. పోపు లోపల వేయకండి. గుడ్డకు ఇంగువ వాసన పడితే నెలల తరబడి పోదు. పెరుగు మాత్రం నాకు గర్వంగా ఉంటుంది. తోడేసిన గిన్నెకు తువ్వాలు చుట్టి హీటర్ గాలి వచ్చే చోట పెడితే, బయట ఎంత గడ్డకట్టే చలి ఉన్నా పొద్దునకు గడ్డ పెరుగు సిద్ధం.

ఎండాకాలం దీనికి అసలైన కాలం. నాలుగు వైపులా కిటికీలు తీసి పైన ఫ్యాన్ వేస్తే, యూటాలోని మోయబ్ ఎండలో కూడా సాయంత్రం ఏడు దాటాక హాయిగా ఉంటుంది. పక్కన వాగు పారుతుంటే మంచం మీదికి వినిపిస్తుంది. బీఎల్ఎం అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ భూముల్లో చాలా చోట్ల 14 రోజుల వరకు పైసా కట్టకుండా ఉండొచ్చు. ఇబ్బంది గాలితోనే. వసంతంలో యూటా ఎడారి గాలికి గుడ్డ రాత్రంతా టపటపా కొట్టుకుంటుంది, నిద్ర పట్టదు. ముందు భాగం గాలికి ఎదురుగా ఉండేలా ట్రక్ నిలుపుకోవాలి. ఒకసారి అదీ చాలక అర్ధరాత్రి దాటాక కప్పు దించేసి కింద సీట్ల మీద ముడుచుకున్నాం. మట్టి రోడ్ల మీద సన్నటి దుమ్ము వెనక తలుపు సందుల్లోంచి వస్తుంది. రబ్బరు పట్టీ మార్చాక తగ్గింది.

ఎలుగుబంట్ల ప్రాంతాలకు వెళ్లేవాళ్లు ముందే చూసుకోండి. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కులో గ్రిజ్లీల వల్ల గట్టి గోడల బళ్లకే అనుమతి. మేం బుక్ చేసుకోబోయే ముందు అది చదివి వేరే చోటు వెతుక్కున్నాం.

అత్తయ్యతో గ్రేట్ శాండ్ డ్యూన్స్ అనే ఇసుక దిబ్బల పార్కుకు వెళ్లాం. అరవై ఎనిమిదేళ్ల మనిషి పై మంచం ఎక్కలేరు. కింద సీట్లు కలిపి పక్క వేశాం, ఆవిడకు సరిపోయింది. కానీ రాత్రి మేం దిగాలంటే ఆవిడ కాళ్లు దాటుకుని రావాలి. పోర్టబుల్ టాయిలెట్ ఉన్నా తెర ఒక్కటే అడ్డం. అత్తయ్య మొహమాటపడి నీళ్లు తాగడం తగ్గించేశారు. అది తెలిసి నాకు చాలా బాధేసింది. రెండో రోజు నుంచి టాయిలెట్లున్న క్యాంప్‌గ్రౌండ్లలోనే ఆగాం. పెద్దవాళ్లతోనో, ఇద్దరు పిల్లలతోనో తరచుగా తిరిగేవాళ్లకు నేను దీన్ని సిఫార్సు చేయను. ఇద్దరే ఉండి, కొండ దారులు ఇష్టమైతే ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను.

సెకండ్‌హ్యాండ్ చూడటానికి వెళ్తే చీకటి పడ్డాక వెళ్లండి. కప్పు లేపించి, ఒకరు లోపల లైటు వేసి గుడ్డ మడతల వెంట నెమ్మదిగా తిప్పుతుంటే ఇంకొకరు బయట నిలబడి చూడాలి. చిల్లులుంటే చుక్కల్లా వెలుగుతాయి. తర్వాత పరుపు పూర్తిగా ఎత్తించి కింద చెక్కను అరచేత్తో తడమండి. మెత్తగా తగిలితే బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.